నలభై ఒకటో డబ్బా

లైటర్ ఎగిరిపడి ఫ్రిజ్ కిందకు దొర్లిపోయింది. మేస్త్రమ్మ ఇంకా భర్త మణికట్టు వదల్లేదు.

"నొక్కారా? ఒక్కసారైనా నొక్కారా దాన్ని?"

"లేదే. నొక్కబోతుంటేనే కదా నువ్వొచ్చి చేతిమీద కొట్టావు!"

ఆవిడ స్టవ్ కట్టేసింది. పాలు పొంగి మంటను ఆర్పేసి, గట్టు మీంచి కారి, నేలమీద మడుగు కట్టి ఉన్నాయి. ఆ మడుగుకి బెత్తెడు దూరంలో మేస్త్రి కుర్చీ. కుర్చీలో పేపరు, దాని మీద కళ్లజోడు. పాల మడుగు మీద అప్పుడే మీగడ కట్టింది. అంటే మంట ఆరిపోయాక కూడా ఆయన చాలాసేపు అక్కడే కూర్చుని పేపరు చదువుకున్నాడు. ఆ తరవాత తీరిగ్గా లేచి, మళ్లీ వెలిగిద్దామని లైటర్ అందుకున్నాడు.

"స్విచ్ ముట్టుకోకు!" గుమ్మంలోకి వచ్చిన కూతురి మీద ఆవిడ అరిచింది. "ఫ్యాన్ వెయ్యకు. లైటు ఆర్పకు. కిటికీలు తియ్యి, అన్నీ!"

కూతురికి ముప్పై దాటినా ఇంట్లో పేరు పిచ్చుకే. డ్యూటీకని భుజాన తగిలించుకున్న సంచీ అక్కడే పడేసి కిటికీలన్నీ బార్లా తెరిచింది. కుళ్లిన కంపు గొంతులోకి దిగి దగ్గు తెర కమ్మింది.

ముగ్గురూ బాల్కనీలోకి వచ్చి నిలబడ్డారు. కింద వీధిలో ఎవరో మొరాయించిన స్కూటర్ని తన్నుతున్నారు. ఆ చప్పుడుకే మేస్త్రమ్మ రెండుసార్లు ఉలిక్కిపడింది.

"ఇల్లంతా అంత కంపు కొడుతుంటే మీకు తెలియలేదా?"

"జలుబు చేసిందే."

"జలుబా? పొద్దున్నుంచి ఒక్క తుమ్ము తుమ్మలేదు. ఒక్కసారి చీదలేదు. ఎవరికి చెప్తారు?"

"లోపల్లోపలే ఉంది."

"లోపల్లోపల ఇంకా ఏమేం ఉన్నాయి?"

ఆయన రెయిలింగ్ మీద చేతులాన్చి వీధిలోకి చూస్తున్నాడు. గ్యాస్ గొట్టాలు బిగించే ఆయన్ని ఆ పేటలో అందరూ ముక్కు మేస్త్రి అంటారు. ఎవరింట్లోనైనా గ్యాస్ లీకైతే మెట్ల కింద నిలబడి ఏ అంతస్తో చెప్పేసేవాడని పేరు. గ్యాస్ పసిగట్టే యంత్రం కొనుక్కోమని తోటివాళ్లు చెబితే, "నా ముక్కుకి బ్యాటరీలక్కర్లేదు" అన్న మనిషి. అలాంటి మనిషి ఇవాళ తన వంటింట్లో, ముక్కు కిందే, గది నిండా గ్యాస్‌ని వదిలేసి పేపరు చదువుకున్నాడు.

పిచ్చుక మెల్లిగా అడిగింది. "నాన్నా, ఎప్పట్నుంచి?"

మేస్త్రి తల తిప్పలేదు. కానీ మేస్త్రమ్మ తిప్పింది.

"ఎప్పట్నుంచి అంటావేంటే? 'ఏంటి నాన్నా, వాసన తెలియట్లేదా' అని కదా ముందు అడగాలి?" కూతురి మొహంలోకి పరీక్షగా చూసింది. "నీకు ముందే తెలుసా?"

"వాసన సంగతి తెలీదమ్మా."

"మరి ఏ సంగతి తెలుసు?"

మూడు వారాలుగా పిచ్చుక మింగుతూ వచ్చిన మాట. పదిసార్లు నాలిక చివరికొచ్చి వెనక్కి పోయింది.

"రెండేళ్ల కిందట మా ల్యాబుకని నాన్న డబ్బా ఇచ్చాడు, గుర్తుందా?"

గుర్తులేకపోవడమేం! పిచ్చుక పనిచేసేది పెద్దాసుపత్రి ల్యాబులో, మలం పరీక్షలు చేసే గదిలో. "నేను గొట్టాల్లో గ్యాస్ చూస్తా, మా పిచ్చుక పొట్టల్లో గ్యాస్ చూస్తుంది" అని మేస్త్రి ఊరంతా చెప్పుకుంటాడు. అప్పట్లో ఆ ల్యాబులో ఒక పరిశోధన మొదలైంది. పార్కిన్సన్స్ జబ్బున్నవాళ్ల పేగుల్లో ఎలాంటి బాక్టీరియా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో ఎలాంటిది ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలని. ఆరోగ్యవంతులెవరైనా ఉంటే పట్టుకురమ్మని దాన్ని నడిపే మేడమ్ చెబితే, పిచ్చుక తండ్రిని మించిన ఆరోగ్యవంతుడెవరని చిన్న డబ్బా ఒకటి ఇంటికి తెచ్చింది. "దీన్ని నింపాలంటే రెండ్రోజులు గడువు కావాలి డాక్టరమ్మా, మన బండి అంత తొందరగా కదలదు" అన్నాడు మేస్త్రి. ఆ రోజు ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

"అయితే?" అంది తల్లి.

"డబ్బాల మీద పేర్లుండవమ్మా, నంబర్లే. మూడు వారాల కిందట మేడమ్ అన్నారు, ఆరోగ్యవంతుల డబ్బాల్లో ఒకటి తికమక పెడుతోందని. దాంట్లో ఉన్నవన్నీ జబ్బువాళ్ల డబ్బాల్లో ఉన్నట్టే ఉన్నాయట. నలభై ఒకటో డబ్బా." పిచ్చుక తండ్రి వైపు చూసింది. "ఆ నంబరు నేనే రాసి అంటించాను."

స్కూటర్ స్టార్టై వెళ్లిపోయింది.

"వణుకుడు జబ్బా?" మేస్త్రమ్మ చటుక్కున భర్త రెండు చేతులూ పట్టుకుని చూసింది. ఎండలో ఆ చేతులు రాళ్లలా ఉన్నాయి. "ఏదీ వణుకు? ఎక్కడుంది? నాకే వణుకుతున్నాయి కానీ!"

"వణుకు అందరికీ ముందే రాదమ్మా. కొంతమందికి ముందు వాసన పోతుంది. మలబద్ధకం మొదలవుతుంది. ఎప్పుడో, ఏళ్ల ముందు."

"మూడు వారాలు! మూడు వారాలుగా తెలిసి నోరు కుట్టేసుకుని కూచున్నావా?"

"చెప్పకూడదమ్మా. ఆ నంబరు ఎవరిదో తెలుసుకునే హక్కే నాకు లేదు. ఒక్క డబ్బా చూసి ఒక మనిషికి జబ్బుందని చెప్పలేమని మేడమ్ కూడా..."

"హక్కట, హక్కు! కట్టుకున్నదాన్ని నేను. ఆయన పక్కన కూర్చుని భోంచేసేదాన్ని నేను. నాకు లేదా హక్కు?"

"నిజంగానే చెప్పలేమమ్మా! వేల మందిని కలిపి చూస్తే తేడా కనబడుతుంది. ఒక్కరిని చూస్తే ఏమీ తేలదు. రేపు ఇంకో డబ్బా ఇస్తే ఇంకోలా రావచ్చు. ఇది రోగం తేల్చే పరీక్ష కాదు."

"మరి నీ మొహం ఎందుకలా ఉంది?"



మేస్త్రి అప్పుడు ఇటు తిరిగాడు. "తిట్టకే దాన్ని. ఏమ్మా, పొట్టకీ మెదడుకీ ఏంటి సంబంధం? ఆ మాట చెప్పు."

ఆయన గొంతులో కంగారు లేదు. మొహంలో ఏమీ లేదు. మొహంలో కదలిక తగ్గడం ఆ జబ్బు గుర్తని తెలిసిన పిచ్చుకను అదే భయపెట్టింది. కళ్లద్దాల వెనక రెప్పలు కూడా ఎప్పుడో ఒకసారి గానీ పడటం లేదు.

"పొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి నాన్నా. కొన్ని పేగు లోపలి పొరని కాపాడతాయి. ఆ జబ్బున్న చాలామందిలో ఆ మంచి రకాలు తగ్గిపోయి, వేరేవి పెరిగాయి. జబ్బు వల్ల అవి మారాయో, అవి మారడం వల్ల జబ్బు వచ్చిందో ఇంకా ఎవరికీ తెలీదు. పేగు నుంచి మెదడు దాకా ఒక పొడుగాటి నరం ఉంది. కొంతమందిలో జబ్బు మెదడులో కాకుండా పేగులోనే మొదలై, ఆ నరం పట్టుకుని పైకి వెళ్తుందేమోనని అనుమానం. అనుమానమే."

"పాకుతుందా?" అంది మేస్త్రమ్మ.

"అమ్మా, నేనా మాట అనలేదు."

"పైకి వెళ్తుందంటే పాకడం కాక ఎగరడమా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. "నాకీ మలబద్ధకం ఎప్పుడొచ్చిందే?"

ఆవిడ మనసులో లెక్కపెట్టుకుంది. పిచ్చుక ఏడో క్లాసులో ఉండగా పొద్దున్నే బాత్రూం ఖాళీ కాక, రోజూ బడికి ఆలస్యమై, టీచరమ్మ కబురు పెట్టింది. "ఒక్కటే బాత్రూమండీ, లోపల మా ఆయన" అని చెప్పి టీచరమ్మని కూడా నవ్వించింది తను. వేడినీళ్లు, ఎండుద్రాక్ష, ఎవరేది చెబితే అది.

"పద్దెనిమిదేళ్లు," అంది. అనేశాక చేత్తో నోరు మూసుకుంది.

పద్దెనిమిదేళ్లు. ఏదో ఒకటి, పేరు లేకుండా, చప్పుడు లేకుండా, పేగు దగ్గర బయల్దేరి, ఒక్కొక్క బెత్తే ఎక్కుతూ, ముక్కు దాకా వచ్చింది. ఆ బొమ్మ ముగ్గురి కళ్లముందూ ఒక్కసారే కదిలింది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. పిచ్చుకకి తెలిసినంతలో ఆ రెండో మాట కూడా అంతే బరువైనది. కానీ భయానికి ఆ తూకం తెలియదు.

"నేను పెట్టిందే కదా ఆ పొట్టలోకి వెళ్లింది?" మేస్త్రమ్మ కళ్లు నీళ్లతో నిండాయి. "ముప్పై అయిదేళ్లు నా చేతివంటే. బయట పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. నేనేం పెట్టానే దాంట్లోకి?"

"నీ వంట వల్ల కాదమ్మా."

"కాదని మీ మేడమ్ రాసిస్తుందా?"

పిచ్చుక ఒక్క క్షణం తడబడింది. ఆ ఒక్క క్షణం చాలు. తల్లి మొహం తిప్పేసుకుంది.

"నాలుగేళ్లయింది," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"వాసన. ఇందాక అడిగావు కదా, ఎప్పట్నుంచని. ముందు సబ్బు వాసన పోయింది. తరవాత కాఫీ. గ్యాస్ ఒక్కటీ చాలా రోజులు మిగిలింది. ఒకరోజు అదీ పోయింది."

"నాలుగేళ్లు నాతో ఒక్క మాట అనలేదా మీరు!"

"ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందని ఎవరికి చెప్పుకోను?"

"నాకు! ఇంకెవరికి?" అంది మేస్త్రమ్మ. "రెండేళ్లుగా మీ మొహం చూస్తున్నాను. నవ్వరు, చిరాకుపడరు, ఏమన్నా గోడలా చూస్తారు. నామీద కోపమనుకున్నాను. ఏం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. మా తమ్ముడు ఆ పెళ్లిలో అన్న మాటకా, నేను మీ అక్కని పిలవనందుకా అని ఎన్ని..."

మేస్త్రి నివ్వెరపోయాడు. నివ్వెరపోయినట్టు మొహంలో కనపడలేదు. చెయ్యి మాత్రం మెల్లిగా లేచి తన చెంప తడుముకుంది, అక్కడేమైనా అతుక్కుందేమో చూసుకుంటున్నట్టు.

"కోపమా? నీ మీదా?" అన్నాడు. "నేను నవ్వుతున్నాననే అనుకున్నానే."

వంటింట్లో గట్టు మీంచి చివరి పాలచుక్కలు నేలమీద పడుతున్న చప్పుడు బాల్కనీలోకి వినిపించింది.

పిచ్చుకకే ముందు మాట పెగిలింది. అడగాలని లేదు. అడక్కుండా ఉండే దారీ లేదు.

"నాన్నా, మరి నాలుగేళ్లుగా పనెలా చేస్తున్నావు?"

"సబ్బు నీళ్లు. అతుకు దగ్గర నురగ పూస్తే లీకున్నచోట బుడగ లేస్తుంది. ముక్కు కంటే అదే నమ్మకం, నిజం చెప్పాలంటే. చివర్లో ఇంటివాళ్లని అడుగుతా, 'మీకేమైనా వాసనొస్తోందా' అని. మేస్త్రి ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు." కాస్త ఆగాడు. "ఈ పది రోజుల్నుంచి సబ్బు నీళ్లు కూడా మానేశా."

"ఎందుకు?"

"వేళ్లు తిరగట్లేదు. సీసా మూత తియ్యడానికి అయిదు నిమిషాలు పడుతోంది. ఒకావిడ నా చేతిలోంచి సీసా తీసుకుని, తనే మూత తీసిచ్చింది. 'పెద్దవారైపోయారు మేస్త్రీ' అంది. మంచి మనసుతోనే అంది. ఆ రోజునుంచి సీసా సంచీలోంచి బయటికి తియ్యలేదు. ఉత్తినే అడుగుతున్నా, అంతే. నిన్న సాయంత్రం కూడా క్రెష్‌లో వంటావిణ్ణి అడిగితే ఏ వాసనా లేదు మేస్త్రీ అంది..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది?" అంది మేస్త్రమ్మ.

"ఆవిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది," అన్నాడు మేస్త్రి. "చీదుతూనే ఉంది. ఆవిడకి జలుబు."

పిచ్చుక ఫోను తీసింది. రెండు వీధుల అవతల పిల్లల క్రెష్. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున్నే దించి వెళ్లే పసివాళ్లు, పద్దెనిమిదో ఇరవయ్యో. నంబరు నొక్కబోతుంటే తండ్రి ఆమె చేతిమీద చెయ్యి వేశాడు.

"చెయ్యకు. వాళ్ల ఫోను వంటగది గోడకే ఉంది. అది మోగకూడదు." ఇప్పుడు ఆయన గొంతులో భయం వినపడింది. "టైమెంత?"

"పదీ పది."

"పదింటికి వంటావిడొచ్చి సిలిండర్ వాల్వ్ తెరుస్తుంది. కూరగాయలు తరుక్కుని, పదిన్నరకి పొయ్యి వెలిగిస్తుంది. నిన్న మార్చింది సిలిండర్ దగ్గర అతుకు. పదండి."

మెట్లు దిగుతున్నప్పుడే పిచ్చుకకి అర్థమైంది. తండ్రి ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆన్చి దిగుతున్నాడు. వీధిలోకి వచ్చాక తొందరపడే కొద్దీ ఆయన అడుగులు పొట్టివవుతున్నాయి. ఎడమ చెయ్యి ఊగడం లేదు, పక్కన కట్టేసినట్టు వేలాడుతోంది. మూడు వారాలుగా ఆ నడక చూడకూడదని ఆమె తన కళ్లను ఎంత అదుపులో పెట్టుకుందో ఇప్పుడు తెలిసింది.

వీధి మలుపులో ఆయన ఆగిపోయాడు.

"నాతో ఉంటే అందుకోలేరు. మీరిద్దరూ వెళ్లండి. బెల్ కొట్టొద్దు, తలుపు తట్టండి. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. వంటగది వెనక చిన్న గదిలో సిలిండర్లు. వాల్వ్ కుడివైపు తిప్పాలి. పిల్లల్ని పైకెత్తి బయటికి తెండి. గ్యాస్ బరువు, కిందకి దిగుతుంది." ఊపిరి కూడదీసుకున్నాడు. "వాళ్లు నేలమీదే పడుకుంటారు."

మేస్త్రమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పరుగెత్తింది. పెళ్లయ్యాక ఆవిడ పరుగెత్తగా పిచ్చుక ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ల నొప్పులన్న మాటే లేదు. కూరగాయల కొట్టువాడు "ఏమైందమ్మా" అని అరుస్తున్నా వెనక్కి చూడలేదు.

క్రెష్ తలుపు మూసి ఉంది. ఆవిడ రెండు చేతులతోనూ బాదింది. చంకలో ఒక పసివాడితో ఆయా తలుపు తీసింది.

ఆ తలుపు సందులోంచే కంపు మొహాన కొట్టింది.

"మీకు వాసన రావట్లేదా?" అంది మేస్త్రమ్మ.

"వస్తోందండీ. పిల్లల గుడ్డల వాసనేమో అనుకుంటున్నా, ఇవాళ చాలామందికి..."

మేస్త్రమ్మ ఆగలేదు. ఆవిడ వంటగది వైపు, పిచ్చుక పిల్లల హాల్లోకి. పచ్చ చాపల మీద వరసగా పడుకున్న పిల్లలు. ఒకడు చాప మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పిచ్చుక ముందు వాణ్ణి ఎత్తింది. ఒళ్లు వెచ్చగా ఉంది. వాడు ఏడ్చాడు.

"లేపండి, అందర్నీ బయటికి! ఫ్యాన్ ఆపొద్దు, దాన్ని అలాగే వదిలెయ్యండి!"

వంటగదిలో వంటావిడ పొయ్యి మీద గిన్నె పెట్టి, అగ్గిపెట్టె కోసం అలమారా తడుముతోంది. ముక్కుకి అదే గుడ్డ. మేస్త్రమ్మ కేక విని వెనక్కి తిరిగింది.

"ముట్టుకోకు! దేన్నీ ముట్టుకోకు. అలాగే బయటికి నడువు!"

"ఎందుకమ్మా? పిల్లలకి పాలు..."

"నడవవే తల్లీ, నీకు దండం పెడతా!"

వెనక గదిలో కంపు ఘాటుకి కళ్లు మండాయి. చెవికి దగ్గరగా సన్నటి చప్పుడు, ఎవరో పళ్లమధ్య నుంచి ఊపిరి వదులుతున్నట్టు. వాల్వ్ కుడివైపు తిప్పమన్నారు. ఎవరి కుడి? ఆవిడ ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. తన ఇంట్లో ముప్పై అయిదేళ్లుగా సిలిండర్ తిప్పింది ఆయనే. కళ్లు మూసుకుని, అన్నం తినే చెయ్యి ఏదో తలుచుకుని, అటు తిప్పింది. బిగిసిపోయింది. పమిట చుట్టి మళ్లీ తిప్పింది. కదిలింది. చప్పుడు సన్నబడి, ఆగిపోయింది.

ఆవిడ అక్కణ్ణుంచి పిల్లల హాల్లోకి పరుగెత్తింది.

మేస్త్రి వచ్చేసరికి పిల్లలందరూ ఎదురింటి అరుగు మీద ఉన్నారు. పంతొమ్మిది మంది. ఆయా మూడుసార్లు లెక్కపెట్టింది. తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి అరగంట ఆగాక, ఆయన లోపలికి వెళ్లాడు. పిచ్చుక చేత్తో సబ్బు నురగ కలిపిచ్చింది, భార్య స్పాంజ్ పట్టుకుంది. వాల్వ్ రవ్వంత తెరిచి చూస్తే, అతుకు దగ్గర బుడగ ఒకటి లేచి, పెరిగి, పగిలింది. మళ్లీ లేచింది.

దాన్ని ఆయన చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

తరవాత వాల్వ్ కట్టేసి, రెంచీ తీసుకుని, అతుకు విప్పి కొత్త వాషర్ వేసి బిగించాడు. నెమ్మదిగా చేశాడు గానీ తప్పు లేకుండా చేశాడు. ఈసారి బుడగ లేవలేదు. రెండుసార్లు చూశాడు. మూడోసారి కూతుర్ని చూడమన్నాడు.

మేడ మీద ఆఫీసులోంచి దిగొచ్చిన మేనేజరమ్మ చేతులు జోడించింది. "మీ ముక్కుకి నిజంగా దండం పెట్టాలి మేస్త్రీ! ఇంటి దగ్గర్నుంచే పసిగట్టారా? అందుకే ఈ పేటలో ఎవర్ని అడిగినా మీ పేరే చెప్తారు."

మేస్త్రమ్మ భర్త వైపు చూసింది. పిచ్చుక నేల వైపు చూసింది. ఎవరూ ఆవిడ మాటని సరిదిద్దలేదు.

"కార్డులో రాసి సంతకం పెట్టండి," అంటూ మేనేజరమ్మ గోడకి వేలాడుతున్న తనిఖీ కార్డు తీసిచ్చింది.

పిచ్చుక తండ్రి భుజం మీదుగా ఆ కార్డు చూసింది. ఆరేళ్ల సంతకాలు, ఒకదాని కింద ఒకటి. మొదటిది గడి దాటి పక్క గడిలోకి తోక చాపుకుని ఉంది. దాని కిందది కాస్త చిన్నది. దాని కిందది ఇంకాస్త. నిన్నటి సంతకం చీమ తలకాయంత. రాత చిన్నదైపోవడమూ ఆ జబ్బు గుర్తే. ల్యాబులో ఏ యంత్రమూ చెప్పని సంగతి ఒక మేకుకి వేలాడుతూ, ఆరేళ్లుగా అందరి కళ్లముందూ ఉంది.

మేస్త్రి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు. రేపు పేటంతా ముక్కు మేస్త్రి పంతొమ్మిది మంది పిల్లల్ని కాపాడాడని చెప్పుకుంటుంది.

"ఏమండీ," అంది మేస్త్రమ్మ.

ఆయన వంగి రాయడం మొదలుపెట్టాడు. రెండు వరసలు రాయడానికి చాలాసేపు పట్టింది. మేనేజరమ్మ కార్డు అందుకుని, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, కళ్లు చికిలించి పైకి చదివింది.

"నిన్న ఈ అతుకు సరిగా పరీక్షించలేదు. నాకు నాలుగేళ్ల నుంచి వాసన తెలియదు."

ఆవిడ మొహంలో రంగు మారింది. కార్డు మీంచి తలెత్తి, అరుగు మీద పిల్లల వైపు, మళ్లీ ఆయన వైపు చూసింది. తిడుతుందేమోనని పిచ్చుక ఊపిరి బిగబట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంకెన్ని చోట్ల, మేస్త్రీ?"

"సబ్బు నీళ్లు లేకుండా చేసినవి పది రోజులవే," అన్నాడాయన. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. "అన్నీ దీంట్లో రాసుకుంటా. పంతొమ్మిది."

మేస్త్రమ్మ పిల్లల బుల్లి కుర్చీ ఒకటి లాక్కుని కూలబడింది. "చదవండి. పిచ్చుక ఫోన్లు చేస్తుంది. పొయ్యి వెలిగించొద్దని, వాల్వ్ కట్టెయ్యమని చెప్తుంది. వంటింట్లో మోగే ఫోనైతే పక్కింటివాళ్లకి చెప్పైనా సరే. ఇవాళే పంతొమ్మిదీ మళ్లీ చూసొద్దాం. వాసన నేను చూస్తా, నురగ అది కలుపుతుంది. ఆ తరవాత తిన్నగా నరాల డాక్టరు దగ్గరికి. ఇంక మీ మాట వినేది లేదు."

"అలాగే," అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాటకి ఆవిడ కళ్లు మళ్లీ నిండాయి.

ఆయన ఒక్కో వరసా వేలు పెట్టి చదువుతుంటే పిచ్చుక ఒక్కో ఇంటికీ ఫోను చేసింది. కొందరు భయపడ్డారు, కొందరు విసుక్కున్నారు, ఒకాయన నవ్వాడు. లాండ్రీ వెనకిల్లు. దర్జీ వాళ్ల కొత్త వాటా. బ్యాంకు క్యాంటీను. పద్దెనిమిది ఇళ్లు అయ్యాయి.

"ఇంకొకటుంది నాన్నా."

మేస్త్రి వేలు ఒక వరస దగ్గర ఆగి ఉంది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"ఏంటి రాశారు?" అంది మేస్త్రమ్మ.

"నా రాతే," అన్నాడు. "చదవలేకపోతున్నానే."

"గుర్తు తెచ్చుకోండి. ఎవరిల్లు? ఆడమనిషా, మగమనిషా? ఎటువైపు?"

"ఆ రోజు మూడు పనులు చేశా. రెండు గుర్తున్నాయి."

పిచ్చుక పుస్తకం తీసుకుని కిటికీ వెలుగులోకి పట్టింది. తల్లి లేచి వచ్చి పక్కన చేరింది. మేనేజరమ్మ తన కళ్లజోడు కూడా తెచ్చిచ్చింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీతలా సాగి, వరస చివరికి వచ్చేసరికి చుక్కలైపోయాయి. పేరు లేదు. వీధి లేదు. ఫోను నంబరు ఉండాల్సిన చోట వణకని, వంకర లేని సన్నటి గీత.

ఎంత చూసినా మూడు తలకాయలకీ దొరికింది రెండు మాటలే.

"మూడో అంతస్తు."

కిటికీ బయట ఎటు చూసినా మేడలే. గోడ గడియారంలో పదకొండున్నర కావస్తోంది. ఆ మేడల్లో ఎక్కడో ఒకచోట ఎవరో మధ్యాహ్నం వంటకి లేస్తున్నారు.